ఒక సహోదరుడి కోసం ఆనపకాయ కూర

ప్రార్థన కూడికలో నలుగురి మధ్యా లేచి, నా సొంత జబ్బుని ఎవరిదో అన్నట్టు చెప్పి, తర్వాత నాకోసం నేనే తల వంచుకుని గట్టిగా ఆమేన్ అన్నాను. నా జీవితంలో ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకేదైనా చేశానా అని మా ఆవిడని అడిగితే, "ఆలోచించి చెప్పాలండీ, పోటీ గట్టిగా ఉంది" అంది.

పోటీలో నిలబడిన పనే కాబట్టి మొదట్నించీ చెప్తాను.

టొరంటో పక్కన ఏజాక్స్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న తెలుగువాళ్ళం కొందరం, ఎక్కువమందిమి కోస్తా జిల్లాల క్రైస్తవ సంఘాల్లో పెరిగినవాళ్ళం, శుక్రవారం సాయంత్రాలు ఒక్కో వారం ఒక్కొక్కరి ఇంట్లో కలుస్తాం. పాటలు, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత భోజనం. చివరిదాని కోసమే మొదటి మూడూ అనే దుర్మార్గులు మాలోనూ ఉన్నారు గానీ, పాపం వాళ్ళు కూడా మొదటి పాటకే వచ్చేస్తారు. ప్రార్థనకి ముందు ఎవరి అవసరం వాళ్ళు లేచి చెప్పాలి. ఉద్యోగం, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ కార్డు, పిల్లల పరీక్షలు లాంటివి సొంత పేరు మీదే చెప్తాం. పరువుకి తగిలేవి మాత్రం "ఒక సహోదరుడు" పేరు మీద వెళ్తాయి. "ఒక సహోదరుడికి లేఆఫ్ అయింది." "ఒక సహోదరి ఇంట్లో శాంతి సమాధానాలు లేవు." ఈ ఒక సహోదరుడంత కష్టాల్లో ఉన్న మనిషి కెనడా మొత్తం మీద ఇంకొకడు లేడు. ఎవరా మనిషి అని అడక్కూడదు, అది మర్యాద. భోజనాల దగ్గర ఊహించుకోవచ్చు, అదీ మర్యాదే.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. నా కారుకి పక్క సీటు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుని వణుకుతుంటే, నేను నా బ్రేకు మీద కాలు పెట్టుకుని "ఏం భయం లేదు" అంటుంటాను. భయం లేనిది నాకు. ఈ అలవాటు వృత్తిలోంచి జీవితంలోకి పాకింది. కొత్తగా దిగినవాళ్ళని ఎయిర్‌పోర్టు నించి తీసుకురావడం, వాళ్ళకి అద్దెకి బేస్‌మెంట్ వెతికిపెట్టడం, సోఫాలు మోయడం, ఎవరింట్లో చావు కబురు వచ్చినా ముందు వెళ్ళి టీ పెట్టడం, అన్నింట్లో నేనే. నాది పెట్టే చెయ్యి అని అందరూ అంటుంటే విని, పట్టడం ఎలాగో మరిచిపోయాను. ఎవరైనా "అన్నా, మీకేమైనా కావాలా?" అంటే "నాకేం కావాలమ్మా" అనడం ఎంత బాగుండేదో! అదంతా వినయం అనుకునేవాణ్ణి. పొగరుకి ఆదివారం బట్టలు తొడిగితే అలాగే ఉంటుందని ఇప్పుడు తెలుసు.

ఆకులు రాలే రోజుల్లో కడుపులో నొప్పి అంటే మా ఫ్యామిలీ డాక్టర్ స్కాన్‌కి పంపింది. నొప్పి గ్యాసుది. దానంతటదే పోయింది. పోతూ పోతూ పక్కింటి గుట్టు బయటపెట్టి పోయింది: ఎడమ కిడ్నీలో గడ్డ. ఇన్నాళ్ళూ పరాయి గడ్డ మీద బతుకుతున్నానని అనుకుంటూ వచ్చాను, తీరా చూస్తే పరాయి గడ్డ ఒకటి నాలోనే బతుకుతోంది. 

స్పెషలిస్టు దగ్గరికి మా ఆవిడా వచ్చింది. ఆవిడ ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో నర్సు. డాక్టరు చెప్పేది నాకు సగం అర్థమయ్యేలోపే ఆవిడ మొహం చూసి మిగతా సగం అర్థం చేసుకున్నాను. చాలావరకు క్యాన్సరే అయ్యుంటుంది, తీసి పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేం, కిడ్నీతో సహా తీసెయ్యడం మంచిది అన్నాడు. "రెండిట్లో ఒకటి సరిగ్గా పనిచేస్తే చాలు, ఇద్దరి పనీ అదే లాక్కొస్తుంది" అని ధైర్యం చెప్పాడు. మా కాపురం అలాగే నడుస్తోంది కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

పార్కింగ్‌లో కారెక్కాక మా ఆవిడ అడిగింది. "అమ్మాయికి ఎప్పుడు చెప్దాం?"

మా అమ్మాయి రెండు గంటల దూరంలో కిచెనర్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. అప్పుడే చేరింది.

"కొత్త ఉద్యోగం, ఎందుకు కంగారు పెట్టడం? ఆపరేషన్ తేదీ వచ్చాక చూద్దాం."

"పాస్టరు అయ్యగారికి?"

"ఆయనకీ తేదీ వచ్చాకే."

"తేదీ వచ్చాక, ఆపరేషన్ అయ్యాక అంటారు. అయ్యాక, అయిపోయిందిగా ఇంకెందుకు అంటారు."

సరిగ్గా నా ప్లాను అదే. ఇంత తొందరగా బయటపడుతుందనుకోలేదు.

"జాలిపడతారే," అన్నాను. "నేను కనపడగానే గొంతు తగ్గిస్తారు. నేను మోస్తున్న సోఫా నా చేతిలోంచి లాక్కుంటారు."

"లాక్కోనివ్వండి. మీ నడుముకి మందు రాసే పని నాకు తప్పుతుంది."

అయినా ఎవరికీ చెప్పనని మాటిచ్చింది. ఇచ్చిన మాట మోయడం ఆవిడ వంతయింది. సోఫాకన్నా బరువైనవి ఉంటాయని నాకు అప్పుడు తట్టలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో బట్టలు తెగ ఉతుకుతున్నట్టు అనిపించేది. సాయంత్రం డ్యూటీ నించి రాగానే మా ఆవిడ బేస్‌మెంట్‌లోకి దిగిపోయేది. డ్రయ్యర్ తిరుగుతున్నంతసేపూ పైకి వచ్చేది కాదు. ఇద్దరికే ఇన్ని బట్టలేమిటని ఒకరోజు మెట్లు దిగాను. డ్రయ్యర్ గుండ్రంగా తిరుగుతోంది. గాజు తలుపులోంచి చూస్తే లోపల ఏమీ లేదు. ఖాళీ. దానికి వీపు ఆనించి, మోకాళ్ళలో మొహం పెట్టుకుని మా ఆవిడ కూర్చుని ఉంది. ఆ మోతలో ఏడుపు పైకి వినపడదు.

నేనేం చేశానో చెప్తాను. చప్పుడు చెయ్యకుండా వెనక్కి మెట్లెక్కి వచ్చేశాను.

ఆ వారమే ఆవిడ, "పోనీ ప్రార్థనకైనా చెప్పండి. పేరు లేకుండానే చెప్పండి" అంది. అది ఆవిడ అడిగిన అతి చిన్న కోరిక. సరే అన్నాను. శుక్రవారం లేచి, "ఒక సహోదరుడికి కిడ్నీలో గడ్డ. ఆపరేషన్ ఉంటుంది. పేరు చెప్పడం ఆయనకి ఇష్టం లేదు" అన్నాను. ఊళ్ళో సగం మంది కష్టాలు మోసుకు తిరిగేది నేనే కాబట్టి, ఈ కబురూ ఎవరో నా చెవిన వేసిందే అనుకున్నారు. నా మీద ఒక్క చూపు కూడా పడలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చూపులన్నీ నా పక్కన కూర్చున్నవాడి మీద పడ్డాయని తర్వాత తెలిసింది.

ఆ పక్కనున్నవాడు మా రెండు వీధుల అవతల ఉండే హైదరాబాద్ తమ్ముడు. సాఫ్ట్‌వేర్. ఇతనికి డ్రైవింగ్ నేర్పింది నేనే. భార్య పురిటికి వెళ్ళింది, ఒక్కడే ఉంటున్నాడు. ఆ మధ్య బుగ్గలు లోపలికి పోయాయి, ప్యాంట్లు వదులయ్యాయి, భోజనాల దగ్గర అన్నం ముట్టడం లేదు. చేతిలో ఎప్పుడూ ఇంత పెద్ద నీళ్ళ సీసా. పైగా ఆ రోజు అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నాడు. ఇంక సాక్ష్యం ఏం కావాలి?

తీర్పు ఇచ్చింది ఆంటీ. ఆంటీ అంటే మా కూడికలో అందరికీ ఆంటీయే. భీమవరం వైపు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడ బడి లేకపోతేనేం, మమ్మల్నే బడి చేసుకున్నారు. ఎవరింట్లో కానుపైనా, జబ్బైనా, ఎవరు ఏ రోజు ఏం వండి పట్టుకెళ్ళాలో ఆంటీ చెప్తారు, మిగతావాళ్ళు పట్టుకెళ్తారు. మర్నాడే మా ఆవిడకి ఫోనొచ్చింది. స్పీకర్ అక్కర్లేకుండానే నాకూ వినపడింది.

"ఎవరని నేను అడగను, నువ్వు చెప్పొద్దు. ఆ హైదరాబాద్ అబ్బాయికి బుధవారం నీ వంతు. ఆనపకాయ చెయ్యి. కారం వద్దు. ఉప్పు చూపించి తీసెయ్యి."

ఫోన్ పెట్టేసి మా ఆవిడ నా వంక చూసింది. నేను కిటికీ వంక చూశాను.

బుధవారం ఆవిడ డ్యూటీ నించి వచ్చి, కోటు కూడా విప్పకుండా ఆనపకాయ చెక్కు తీసింది. పాలు పోసి కూర చేసింది. పెసరకట్టు కాచింది. అన్నం మెత్తగా వార్చింది. జబ్బు మనిషి ఇంట్లో సోఫాలో కూర్చుని ఉండగా, పరాయి ఇంట్లో లేని జబ్బుకి పత్యం వండి, మూడు గిన్నెల క్యారియర్ సర్ది నా చేతికిచ్చి, "మీ రోగిని పలకరించి రండి" అంది.

తలుపు తీసి క్యారియర్ చూడగానే తమ్ముడి మొహం వాడిపోయింది.

"మీరు కూడానా అన్నా?"

లోపల వంటగట్టు మీద గిన్నెలు. స్టీలువి, గాజువి, మూతల మీద టేపులంటించిన పెరుగు డబ్బాలు. ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడటం లేదు.

"నాకేం కాలేదన్నా!" అన్నాడు. "కీటో చేస్తున్నా, అంతే. పిల్ల పుట్టేలోపు పొట్ట తగ్గిద్దామని అన్నం మానేశా. ఆంటీకి చెప్పిన. 'అంతే నాయనా, అలా ధైర్యంగా ఉండాలి' అని తల నిమిరింది. ఒట్టు ఆంటీ, నా రెండు కిడ్నీలు మంచిగున్నయి అన్నా. ఆమె ఏడ్చేసింది. ఎంత కాదంటే అంత ఖాయం చేస్తుర్రు. ఇంకేం చెయ్యాలి, రిపోర్టు గోడకి అతికించాల్నా?"

నవ్వాపుకోలేకపోయాను. నవ్వితే పక్కటెముకల కింద ఎక్కడో కలుక్కుమంది, లేదా అలా అనిపించింది.

"తింటున్నావా మరి?"

"పారేస్తే పాపం కదన్నా. తింటున్నా. కీటో పోయింది, పొట్ట మళ్ళొచ్చింది." అతను నా చేతిలోంచి క్యారియర్ తీసుకుని గట్టు మీద పెట్టబోయి, చోటు లేక అలాగే పట్టుకు నిలబడ్డాడు. "నవ్వులాటకి అంటున్నా గానీ, మనసుకి మంచిగ లేదన్నా. ఇది నా అన్నం కాదు. ఆయనెవరో ఇంట్లో భయపడుకుంటా కూర్చొని ఉంటాడు. ఆయన పేరు మీద వచ్చిందంతా నేను తింటున్నా. ఆయనెవరో మీకు తెలుసు కదా. కొంచెం పోయి చెప్పన్నా, ఇట్ల సతాయించొద్దని."

"నిన్నా?"

"నన్నెందుకు? ఇంట్ల భార్య ఉంటది కదా, ఆమెని. ఆయనకి ఎవరూ లేకున్నా ఆమె ఉంది. ఆమెకెవరున్నరు?"

డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఒక క్షణం ఉంటుంది. ఇంక ఈ మనిషికి నా బ్రేకుతో పనిలేదు అని తెలిసే క్షణం. అప్పుడు కాలు వెనక్కి తీసి మడిచి పెట్టుకుంటాను. తీయడం వాళ్ళకి తెలియదు, నాకు తెలుస్తుంది. అతని వాకిట్లో బూట్ల మధ్య నిలబడి అదే చేశాను.

"ఇది వండింది ఆవిడేరా," అన్నాను క్యారియర్ చూపించి.

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. క్యారియర్ వంక చూశాడు, నా వంక చూశాడు. అయ్యో అనలేదు. గొంతు తగ్గించలేదు. నేను ఇన్నాళ్ళూ భయపడిన జాలి ఆ మొహంలో ఎంత వెతికినా కనపడలేదు. ముక్కు ఒకసారి గట్టిగా ఎగపీల్చి, క్యారియర్ తెచ్చి నా చేతిలో పెట్టి, పిడి చుట్టూ నా వేళ్ళు తనే మూశాడు.

"అయితే ఎవరన్నం వాళ్ళు తిందాం అన్నా. నాకు డైటింగ్ ఉంది."

నిండు క్యారియర్‌తో ఇంటికొస్తే మా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది.

"ఏం, తీసుకోలేదా?"

"తీసుకున్నాడు. తీసుకుని నాకిచ్చాడు. చెప్పేశానే."

ఆవిడ అక్కడే, మెట్ల మీదే, ఏడ్చింది. పైకి, గట్టిగా, ఇల్లంతా వినపడేట్టు. ఏ మోతా అడ్డం లేదు. ఈసారి నేను మెట్లెక్కి పారిపోలేదు. పారిపోవడానికీ లేదు, మెట్లకి అడ్డంగా ఆవిడే ఉంది. పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఇద్దరికీ ఆకలేసింది. అక్కడే క్యారియర్ విప్పుకున్నాం.

"ఉప్పు లేదేంటే?"

"కిడ్నీ పేషెంటుకి కదండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ, ఎంతో కాలానికి నవ్వుతూ.

అమ్మాయికి ఫోన్ చేశాం. అది మాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది, మేం తెలుగులో జవాబిస్తాం, పోట్లాటకి ఆ ఏర్పాటు మాకు బాగానే ఉంటుంది. మొత్తం విని అడిగింది.

"హౌ లాంగ్ హావ్ యూ నోన్, నాన్నా?"

నేను గౌరవప్రదమైన జవాబు ఒకటి వెతుక్కుంటుంటే మా ఆవిడ ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"అండ్ యూ టోల్డ్ ద కీటో అంకుల్ బిఫోర్ మీ? ఐ యామ్ సో మ్యాడ్ ఎట్ యూ. ఐ యామ్ కమింగ్."

"వద్దమ్మా, స్నో పడుతోంది. హైవే మీద ట్రక్కులు..."

"నాన్నా. హూ టాట్ మీ టు డ్రైవ్?"

దానికి ఎదురు చెప్తే నా వృత్తికే అవమానం. అది వచ్చేసరికి వాకిలంతా తెల్లగా ఉంది. కిటికీలోంచి చూస్తున్నాను. ఏడుస్తూ నడిపిందని ఇంట్లోకి వచ్చాక దాని కళ్ళు చెప్పాయి గానీ, కారు మాత్రం ఒక్కసారికే, రెండు పక్కలా సమానంగా చోటు వదిలి, వెనక్కి తీసి పెట్టింది. నాకు క్యాన్సరు ఉందన్న సంగతి ఆ కాసేపు పూర్తిగా మరిచిపోయాను. అంత గర్వంగా ఉంది.

ఆ శుక్రవారం కూడికలో మళ్ళీ లేచాను.

"ఇదివరకు ఒక సహోదరుడి గురించి చెప్పాను," అన్నాను. గొంతు వణకలేదు, ఆ మాట మా అమ్మాయి కూడా ఒప్పుకుంది. "ఆ ఒక సహోదరుడు నేనే."

అందరూ, ఎవరో చెప్పినట్టు, ఒక్కసారిగా హైదరాబాద్ తమ్ముడి వైపు తిరిగారు. అతను రెండు చేతులూ పైకెత్తాడు. "నేను చెప్తే విన్నరా?"

"అయితే," అన్నారు ఆంటీ నెమ్మదిగా, "నేను చేసిన పాలు పోసిన కూర ఎవరు తిన్నట్టు?"

నవ్వులు లేచాయి. ఆంటీ నవ్వలేదు. లేచి, చాపల మధ్యనించి నడుచుకుంటూ నా ముందుకొచ్చి నిలబడ్డారు. అయిదో తరగతిలో కాపీ కొడుతూ దొరికినవాడిలా అయిపోయాను.

"దేవుడికి కూడా మారుపేరు చెప్తావా నాయనా?"

"దేవుడికి అడ్రసు తెలుసు కదా ఆంటీ."

"ఆయనకి తెలుసు. క్యారియర్ మోసుకెళ్ళాల్సింది నేను కదా!"

ఇంత సూటి ప్రసంగం నేను ఏ అయ్యగారి నోటా వినలేదు. ఆ రాత్రి ప్రార్థనలో నా పేరు, ఇంటిపేరుతో సహా, ఎంతమంది నోట వచ్చిందో. పేరుతో పిలిచి ప్రార్థిస్తే ఒంట్లోకి దిగే తీరే వేరు. భోజనాలప్పుడు వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ కనపడింది. చుట్టూ ఆడవాళ్ళు. ఒకావిడ భుజం మీద తల పెట్టుకుని, మిగతావాళ్ళు తలా ఒకటి చెప్తుంటే వింటోంది. నేను మొండిగా మూసిపెట్టిన తలుపు వెనకాల ఇంతమంది నిలబడి ఉన్నారా అనిపించింది.

చెప్పడం ఒక ఎత్తు. పుచ్చుకోవడం ఇంకా పెద్ద ఎత్తు, అది ఆపరేషన్ రోజున మొదలైంది. తెల్లవారకుండానే తమ్ముడు కారు తెచ్చాడు. మా ఆవిడా అమ్మాయీ వెనక కూర్చున్నారు. బయల్దేరే ముందు బూట్ల లేసులు కట్టడానికి అతను నా కాళ్ళ దగ్గర వంగాడు. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను.

"అన్నా, మీరు నా సోఫా మోసినప్పుడు నేను వద్దన్నానా?"

కాళ్ళు ముందుకు పెట్టాను.

దారంతా నా కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

"అన్నా, అక్కడ బ్రేకు లేదు."

"తెలుసు."

"తెలిసినోళ్ళు తొక్కరు."

వెనక సీట్లో మా అమ్మాయి కిసుక్కుమంది. లేన్ మారే ముందు అతను భుజం మీదుగా వెనక్కి తిరిగి చూశాడు. నేను నేర్పిందే. అద్దాల్లో పడని చోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, మెడ తిప్పితే గానీ అక్కడ ఎవరున్నారో తెలియదు అని ప్రతివాడికీ అరిచి చెప్పేవాణ్ణి. చెప్పే మెడ మాత్రం తిరిగేది కాదు. నా కాలిని నెమ్మదిగా సీటు కిందకి మడుచుకున్నాను.

గడ్డ అనుకున్నదే అయింది, కానీ కిడ్నీ గడప దాటలేదు. మొత్తం వచ్చేసింది, ఇంక స్కాన్‌లు చేయించుకుంటూ ఉంటే చాలు అన్నారు. ఇంటికొచ్చాక బరువులెత్తకూడదు, డ్రైవ్ చేయకూడదు. మంచు పడిన ప్రతి పొద్దున్నా నేను లేచేసరికి డ్రైవ్‌వే శుభ్రంగా ఉండేది. ఒకరోజు తమ్ముడు, ఒకరోజు అయ్యగారు, ఒకరోజు ఎవరో కూడా తెలియదు. మొదట్లో కర్టెన్ చాటునించి సిగ్గుపడుతూ చూసేవాణ్ణి. తర్వాత కర్టెన్ తీసి చెయ్యి ఊపేవాణ్ణి. ఆ తర్వాత కిటికీ కొట్టి "ఆ మూల మిగిలిపోయింది" అని చూపించేవాణ్ణి. పుచ్చుకోవడంలో అంత పైకొచ్చాను.

ఒక్కటే నన్ను గెలవనివ్వలేదు. ఆనపకాయ.

డాక్టరు అన్నీ తినొచ్చన్నాడు. ఆంటీ ఒప్పుకోలేదు. సోమవారం ఆనపకాయ పప్పు, మంగళవారం ఆనపకాయ పాలు పోసి, బుధవారం ఆనపకాయ పెసరపప్పు. గుంటూరు వాళ్ళింటి నించి వస్తే సొరకాయ. పేరు మార్చినంత మాత్రాన దాని నీళ్ళు తగ్గవు. సొరకాయ కోతలు అంటే గొప్పలు చెప్పుకోవడం అని చిన్నప్పుడు చదువుకున్నాను, అంత గొప్పదనం దాంట్లో ఏముందో ఆ చలికాలమంతా వెతికాను. ఆంటీ స్వయంగా వచ్చిన రోజున గరిటె పట్టుకుని పక్కనే నిలబడేవారు.

"ఒక్క ఆవకాయ ముక్క, ఆంటీ."

"నోరు చంపుకోవాలి నాయనా. ఇంకొంచెం వెయ్యనా?" అనేవారు, వేశాక.

అయినా ఒక్క గిన్నె కూడా వెనక్కి పంపలేదు. ప్రతిదీ తిన్నాను. నా పేరు మీద వచ్చిన అన్నం మళ్ళీ ఇంకొకడు తినే పరిస్థితి రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఎండలొచ్చాయి. నా కారెక్కాను, పక్క సీట్లో నా బ్రేకు దగ్గరికి. తమ్ముడి భార్య పాపతో తిరిగొచ్చింది, ఎయిర్‌పోర్టుకి నేనే వెళ్ళాను, సూట్‌కేసులు మాత్రం ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ ఆకులు ఎర్రబడ్డాయి.

ఒక శుక్రవారం ఆంటీ లేచారు. లేచేటప్పుడు సోఫా చేతిని పట్టుకుని, ఒక ఊపిరి ఆగి, లేచారు. కొన్నాళ్ళుగా చాప మీద కూర్చోవడం మానేశారని అప్పుడు గుర్తొచ్చింది.

"ఒక సహోదరికి మోకాలి ఆపరేషన్ ఉంది," అన్నారు. "పేరు చెప్పడం ఆమెకి ఇష్టం లేదు."

నేను తల ఎత్తలేదు. మర్యాద. గట్టిగా ఆమేన్ అన్నాను. ఇంటికొచ్చే దార్లో మా ఆవిడతో కూడా ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ఇండియన్ స్టోరుకి వెళ్ళి, మోచేతి పొడుగు ఆనపకాయ ఒకటి గిల్లి చూసి మరీ కొన్నాను. వంటింట్లోంచి మా ఆవిడని బయటికి పంపి, నేనే చెక్కు తీశాను, నేనే తరిగాను, నేనే పాలు పోశాను. మొదటిసారి విరిగిపోయాయి. రెండోసారి కుదిరింది.

తలుపు తీసిన ఆంటీ చేతిలో కర్ర ఉంది. నన్ను చూసి వెనక్కి దాచారు.

"ఏంటి నాయనా, పొద్దున్నే?"

"భోజనం ఆంటీ. ఒక సహోదరికి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒక సహోదరుడు."

దాచిన కర్ర మెల్లగా ముందుకొచ్చింది. కొడతారేమో అనుకున్నాను. దాని మీద ఆనుకుని పక్కకి జరిగి దారిచ్చారు. బల్ల దగ్గర కూర్చున్నాక, క్యారియర్ మూత వంక చూస్తూ, నేనెప్పుడూ ఆవిడ దగ్గర వినని గొంతుతో అడిగారు.

"బాగా నొప్పిగా ఉంటుందా?"

"ఉంటుంది," అన్నాను. "ఆ పొద్దున కారు నేను తెస్తాను. కాళ్ళు ముందుకు పెట్టండి చాలు, బూట్లు మా ఆవిడ తొడుగుతుంది. వచ్చే శుక్రవారం కూడికలో మీ పేరు మీరే చెప్పాలి. లేకపోతే ఈ క్యారియర్లన్నీ ఆ తమ్ముడింటికి పోతాయి. పాపం మళ్ళీ డైటింగ్ మొదలుపెట్టాడు."

ఆంటీ కళ్ళు తుడుచుకుని నవ్వారు. నవ్వుతూనే మూత తీశారు. నవ్వు ఆగిపోయింది.

"ఆనపకాయా?"

"పాలు పోసి. ఉప్పు చూపించి తీసేశాను."

"మోకాలికీ ఉప్పుకీ ఏం సంబంధం నాయనా?"

"కిడ్నీకీ ఆవకాయకీ ఏం సంబంధమో నన్ను అడగనిచ్చారా ఆంటీ?"

ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. హెడ్‌మిస్ట్రెస్ మొహం కదలనివ్వకుండా మింగారు. నేను గరిటె తీసుకుని ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఇంకొంచెం వెయ్యనా ఆంటీ?" అన్నాను, వేశాక.